మైసమ్మకు మొక్కిన బాజా

పళ్ళన్నీ పీకించుకున్న రోజు మా ఆయన నాతో మాట్లాడలేదు. నొప్పి వల్ల అనుకుంటే పొరపాటే. జీడిమెట్లలో ఫిట్టర్‌గా పనిచేసినన్నాళ్ళూ వేళ్ళు నలగ్గొట్టుకుని, గుడ్డపేలిక చుట్టుకుని, సాయంత్రం అదే చేత్తో మౌత్ ఆర్గాన్ పట్టుకుని సికింద్రాబాద్ బస్సెక్కిన మనిషి ఆయన. నొప్పిని లెక్కచేయడు. ఆయన బాధంతా మొహం గురించి. దూలపల్లిలో మా ఇంటి హాల్లో, నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని, గోడవైపు తిరిగి కూర్చున్నాడు. మజ్జిగన్నం మెత్తగా పిసికి గిన్నెలో పెట్టి ఇస్తే అవతలికి పొమ్మని చేత్తో సైగ చేశాడు. నేను వంటింట్లోకి వెళ్ళాకే తిన్నాడు.

ఆయన సోకు అలాంటిది. జుట్టుకు రంగు వేయకుండా గేటు దాటడు. మీసం కత్తిరించుకోవడానికి ఒక చిన్న కత్తెర ఉంది, దాన్ని నేను దారం తెంపడానికి కూడా ముట్టుకోకూడదు. వీధి చివర పాల పాకెట్టుకైనా ఇస్త్రీ చొక్కా వేయాల్సిందే. "ఈ వయసులో మిమ్మల్నెవరు చూస్తారండీ?" అంటే, "ఆర్టిస్టును టీచరమ్మా, జర ఇజ్జత్ ఉండాలె" అంటాడు. నేను కొంపల్లిలో ఒక స్కూల్లో పాఠాలు చెప్పి రిటైరయ్యాను. పెళ్ళికి ముందు ఏమని పిలిచాడో ఇప్పటికీ అలాగే పిలుస్తాడు.

మాది కృష్ణా జిల్లా, ఆయనది మేడ్చల్. మా స్కూలు వార్షికోత్సవానికి వాయించడానికి వచ్చి, పిల్లల డాన్సుల మధ్య దొరికిన ఖాళీలో మౌత్ ఆర్గాన్ మీద రైలు నడిపాడు. స్టేషన్లో కదలడం, వంతెన దాటడం, దూరంగా కూత పెట్టడం, అన్నీ ఆ చిన్న డబ్బాలోంచే. నేను ఆ రైలెక్కేశాను. ఫిట్టర్ ఉద్యోగమని చెప్తే మా అమ్మ ఎలాగో ఒప్పుకుంది. సాయంత్రాలు హోటళ్ళలో వాయిస్తాడని తెలిశాక మాత్రం నెత్తి కొట్టుకుంది. "అల్లుడేం చేస్తాడమ్మా అని ఎవరైనా అడిగితే బూర ఊదుతాడని చెప్పనా?" అంది. తర్వాత్తర్వాత ఆ బూర వినడానికే మా ఇంటికొచ్చి, వచ్చిన పని మరిచిపోయినట్టు నెలలు ఉండిపోయేది.

ఆ బూర సంగతి కొంచెం చెప్పాలి. అరచేతిలో ఇమిడిపోయే పది కన్నాల బాజా అది. శ్రుతికొకటి చొప్పున ఆయన దగ్గర పెట్టెడున్నాయి. లోపలి ఇత్తడి రీడ్లు, ఆ సన్నటి రేకులు, అపశ్రుతి పలికితే పారేయడు. భూతద్దం పెట్టుకుని, సన్నటి ఆకురాయితో ఒక్క గీత గీకుతాడు, వాయిస్తాడు, మళ్ళీ గీకుతాడు. ఆ సమయంలో కుక్కర్ కూత వేసినా నా మీద విసుక్కుంటాడు.

అందరూ దాన్ని ఊదుతారు. ఈయన పీలుస్తాడు. ఆయన వాయించే బ్లూస్ అనే సంగీతంలో ప్రాణమున్న స్వరాలన్నీ ఊపిరి లోపలికి తీసేటప్పుడే వస్తాయట. పీలుస్తూ నాలుకను వెనక్కి లాగి స్వరాన్ని కిందికి వంచుతాడు. వంచడమంటే ఏమిటో నాకు చాలాకాలం అర్థం కాలేదు. ఒకరోజు ఆకుకూరల బండి ఆవిడ వీధిలో "పాలకూరా" అని కేకేసి, ఆ చివరి దీర్ఘాన్ని అలిసిపోయిన గొంతుతో కిందికి జార్చింది. "గదే, గదే! విన్నవా?" అని ఆయన కుర్చీలోంచి లేచాడు. అప్పట్నుంచీ నాకు బ్లూస్ అంటే ఆ ఆకుకూరలావిడే.

ఆయనకు ఈ పిచ్చి పట్టించింది సికింద్రాబాద్ రైల్వే క్వార్టర్స్‌లో ఉండే ఒక ఆంగ్లో ఇండియన్ గార్డు. రిటైరైన మనిషి, ఒంటరి. తన రికార్డులు వినిపించి, ఒక పాత బాజా చేతిలో పెట్టాడట. అమెరికాలో పత్తి చేలల్లో వెట్టిచాకిరీ చేసిన నల్లవాళ్ళ పాట అని చెప్పాడట. "మా అవ్వ గూడ పత్తి ఏరుకుంట గిట్లనే మూలిగేది. నాకు కొత్తగ నేర్చుకున్నట్టు అనిపియ్యలే" అంటాడు మా ఆయన. బడాయి మాటల్లో ఇదొక్కటే నేను ఎగతాళి చేయను.

ఆ పాట మీద ఎవరూ బతకలేరు కాబట్టి హోటళ్ళలో సినిమా పాటలే వాయించాడు. పక్కన ఎప్పుడూ ఒకే గిటారు. ఆ గిటారాయన మా ఆయనకంటే కొంచెం చిన్న, అల్వాల్‌లో రేడియోలు బాగుచేసేవాడు. మా ఆయన్ని అన్నా అంటాడు, నన్ను వదినె అంటాడు. నాకు మరిది వరస కాబట్టి మరిది అనే రాస్తాను. ఇద్దరూ భోజనాల వేళంతా జనం అడిగిన పాటలు వాయించి, అందరూ బిల్లు కట్టి లేచే సందట్లో, మేనేజర్ చూడకుండా ఒక్క బ్లూస్ వాయించుకునేవాళ్ళు. దానికోసమే అంతసేపూ మిగతావన్నీ వాయించేవాళ్ళని నాకు తెలుసు. ఒకసారి ఒక సినిమాకు రైలు సీనులో మా ఆయన బాజా వాడుకున్నారు. తెరమీద పేరు వేయలేదు. టీవీలో ఆ సినిమా వచ్చినప్పుడల్లా ఇంట్లో అందరం నోరు మూసుకుని ఆ కూత కోసం కాచుకునేవాళ్ళం.

తర్వాత కీబోర్డులొచ్చాయి. ఒక్క మనిషే అన్ని వాయిద్యాలూ వాయించేస్తుంటే వీళ్ళనెవరు పిలుస్తారు? చాలా ఏళ్ళు ఇంట్లోనే వాయించుకున్నారు. మళ్ళీ ఈమధ్యనే, కొంపల్లిలో కాఫీ షాపు పెట్టిన కుర్రాళ్ళెవరో ఈయన సంగతి తెలిసి ఆదివారాలు రమ్మన్నారు. అందరూ లెజెండ్ అనడం మొదలుపెట్టారు. ఆయన నల్ల టోపీ కొన్నాడు. తల నెరిశాక గానీ మనిషి గొప్పవాడు కాడు కాబోలు, ఆ నెరిసిన తలకేమో ఈయన రంగు వేస్తాడు.

అలా బండి గాడిన పడిందనుకుంటుండగా మరిదికి గుండె ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. ఆసుపత్రి బయట బెంచీ మీద మా ఆయన జేబులో బాజా పట్టుకుని కూర్చున్నాడు, వాయించలేదు, వదల్లేదు. దేవుడి దయవల్ల మరిది లేచి తిరిగాడు. అతను కోలుకుంటున్న రోజుల్లోనే మా ఆయన చిగుళ్ళు పాడై పళ్ళన్నీ పీకేయాల్సి వచ్చింది. చిగుళ్ళు ఆరాక కట్టుడు పళ్ళు పెట్టించాం. డాక్టరమ్మ చిన్నపిల్ల, ఓపికగా అన్నీ చెప్పింది. ఏది నమలాలి, ఏది నమలకూడదు, ఎలా కడగాలి. ఈయన అంతా విని, "మరి పీల్చొచ్చా అమ్మా?" అని అడిగాడు. ఆ అమ్మాయి సిగరెట్ల గురించి అనుకుని క్లాసు పీకింది.

పళ్ళు అందంగా కుదిరాయి. అద్దంలో చూసుకుని మీసం దువ్వుకున్నాడు. ఇంటికొచ్చి బాజా నోట పెట్టుకున్నాడు, పీల్చాడు. పై పళ్ళ సెట్టు ఊడి నాలుక మీద పడింది. టక్కుమని చప్పుడైంది. మళ్ళీ పీల్చాడు, మళ్ళీ టక్కుమంది. నెమ్మదిగా వాయిస్తే నిలుస్తుంది కానీ, అంగిలికి అడ్డంగా ఆ ప్లాస్టిక్ ఉండటంవల్ల నాలుక వెనక్కి పోదు, స్వరం వంగదు. జిగురు తెచ్చి అంటించుకున్నాడు. అప్పుడు పళ్ళు ఊడలేదు, స్వరమూ వంగలేదు. చిగుళ్ళు ఇంకా తగ్గుతాయని, కొన్నాళ్ళాగితే వేరే రకం సెట్టు చేసి చూడొచ్చని డాక్టరమ్మ అంది. ఆయన సరేనని వచ్చి బాజాల పెట్టె అటక మీద పెట్టేశాడు. కాఫీ షాపు కుర్రాళ్ళతో తనకు ఒంట్లో బాలేదని చెప్పమన్నాడు.

మనిషి మామూలుగానే ఉన్నాడు. పేపరు చదివేవాడు, మొక్కలకు నీళ్ళు పోసేవాడు. కానీ ఇల్లు మూగదైపోయింది. అన్నేళ్ళు నేను విసుక్కున్న ఆ గీకుడు కూడా లేకపోయేసరికి నాకు వంట చేయబుద్ధి కాలేదు.

అటువంటప్పుడు మరిది, అతని భార్య వచ్చారు. ఆమెను నేను చెల్లీ అంటాను. వాళ్ళ మాటలో చెప్పాలంటే యారాలు, అంటే తోడికోడలు. శామీర్‌పేట చెరువులో చేపలు పట్టుకునే వాళ్ళ ఆడపిల్ల. వచ్చే ఆదివారం ఆ చెరువు కట్ట మీదున్న మైసమ్మకు మొక్కు తీర్చుకుంటున్నామని, బోనమెత్తి దావత్ చేస్తున్నామని, పొద్దున్నే రావాలని చెప్పారు. బొట్టుపెట్టి పిలిచాక, మరిది మా ఆయన పక్కన కూర్చున్నాడు.

"అన్నా, నీకొకటి జెప్పాలె. లోపలికి తీస్కపోయేటప్పుడు మస్తు భయమైంది. గప్పుడు అమ్మకు మొక్కిన. బతికొస్తె మా అన్న నీ ముందట కూసోని బాజా వాయిస్తడని."

మా ఆయన తెల్లబోయాడు. "నీ మొక్కుల నన్నెందుకు పెట్టినవ్ రా? యాటనిస్తనని మొక్కరాదు అందరి లెక్క?"

"యాట గూడ ఇస్తున్నం. అది అందరిస్తరన్నా. నా దగ్గరున్న మంచి వస్తువు ఇస్తనన్న. నా దగ్గర ఇంతకన్న మంచిదేమున్నది?"

మా ఆయన కిటికీ వైపు చూశాడు. బాజా అటకెక్కిందని, పళ్ళతో ఒక్క స్వరమూ వంగడంలేదని చెప్పాల్సింది అప్పుడే. చెప్పలేదు. ఆపరేషనై లేచిన మనిషి మొహం అంత వెలుగుతుంటే నేనూ చెప్పలేకపోయాను. కాఫీలిచ్చే నెపంతో యారాలిని వంటింట్లోకి పిలిచి, "మొక్కు ఏమైనా మార్చుకోవచ్చా? కొబ్బరికాయలు కొట్టో, చీర పెట్టో?" అని అడిగాను.

"అట్లెట్లయితదక్కా? ఏది మొక్కితే గదే ఇయ్యాలె. మొక్కు తప్పుతమని ఆయనకు ఒకటే పరేషాన్. రాత్రిపూట లేచి కూసుంటున్నడు" అంది.

ఆమె ఆ మాట చెప్పాక నాకూ భయం పట్టుకుంది. నాకు మైసమ్మ కొత్త. మా ఊళ్ళ అమ్మవార్లతో ఉన్న చనువు ఈమెతో లేదు. కానీ గుండె ఆపరేషనై కోలుకుంటున్న మనిషి రాత్రిళ్ళు లేచి కూర్చోవడం ఏ దేవతకూ ఇష్టముండదని మాత్రం తెలుసు. మా ఆయన వాయించాలి. వాయించలేడు. ఆదివారం వారంలోపే ఉంది.

మర్నాడే పెట్టె దిగింది. రోజంతా సాధన చేశాడు. టక్, టక్. మొహం మాడ్చుకుని భోజనానికొచ్చేవాడు. శుక్రవారం నేను కూరగాయలకని బయల్దేరి, సంచీ మరిచిపోయి సగం దారిలోంచి వెనక్కొచ్చాను. తలుపు తీస్తుండగానే వినపడింది. స్నానాల గదిలోంచి, తలుపు మూసుకుని, పాత స్వరం. వంగింది. అడుగుదాకా వంగి, అక్కడ కొంచెం వణికి, మళ్ళీ పైకొచ్చింది. చెప్పులైనా విప్పకుండా అక్కడే నిలబడిపోయాను. ఇదివరకు కంటే మెత్తగా ఉంది, తడిగా ఉంది. పళ్ళు తీసేసి వాయిస్తున్నాడని అప్పుడర్థమైంది.

ఆయన బయటికొచ్చేసరికి పళ్ళు నోట్లోనే ఉన్నాయి. నన్ను చూసి ఉలిక్కిపడ్డాడు.

"దొరికింది కదండీ! అలాగే వాయించండి ఆదివారం" అన్నాను.

"ఎట్ల? అంత మందిల బోసినోరు తెరిచి కూసోమంటవా?"

"బాజా అడ్డముంటుంది, ఎవరికి కనపడుతుంది?"

"తీసేటప్పుడు కనపడదా? ఆపినప్పుడు కనపడదా? సొట్టబుగ్గలేసుకోని ముసలోని లెక్క..." ఆగాడు. "నీకే జూపలే నేను ఇంతవరకు."

నిజమే, చూపలేదు. రాత్రి దీపం ఆర్పాకే పళ్ళు తీసి గిన్నెలో వేసేవాడు, నేను లేవకముందే పెట్టుకునేవాడు. ఇన్నేళ్ళ కాపురంలో నేను చూడని ఆయన అదొక్కటే. పంతం పట్టిన మనిషితో వాదించి లాభం లేదు. నాకు కోపమూ వచ్చింది, జాలీ వేసింది. "మీ ఇష్టం" అని కూరగాయలకు వెళ్ళిపోయాను.

ఆదివారం కట్ట మీద షామియానా వేశారు. యారాలు పసుపు రాసిన బోనం నెత్తిన పెట్టుకుని, డప్పుల ముందు నడిచొచ్చి గుడి చుట్టూ తిరిగింది. గుడంటే నిలువెత్తు కూడా లేని చిన్న గద్దె, లోపల పసుపు కుంకుమల అమ్మ. యాటపోతును కోశారు, ఒక పక్క బగారా అన్నం ఉడుకుతోంది. డప్పులు ఆగాక, రెండు ప్లాస్టిక్ కుర్చీలు గద్దె ముందు వేశారు. మరిది గిటారు పట్టుకుని కూర్చున్నాడు. చొక్కా గుండీల మధ్య కుట్ల గీత కనపడుతోంది. మా ఆయన నల్ల టోపీ, ఇస్త్రీ చొక్కా, రంగు వేసిన మీసం, తళతళలాడే పళ్ళు.

"ఎంగిలి బాజా అమ్మ ముందట ఏందే?" అంది యారాలి మేనత్త ఒకావిడ.

"సన్నాయి ఎంగిలి గాదా అత్తా? అది వాయిస్తలేరా?" అని యారాలు ఆమె నోరు మూయించింది.

మరిది మొదలుపెట్టాడు. మా ఆయన కళ్ళు మూసుకుని పీల్చాడు. టక్కుమంది. గిటారు మోగుతున్నా వెనక వంట చేసేవాళ్ళకు కూడా వినపడి ఉంటుంది. ఎవరో ఆడపిల్ల కిసుక్కున నవ్వింది. ఆయన చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని చెరువు వైపు తిరిగాడు. మెడ ఎర్రబడటం నాకు కనిపించింది.

మరిది ఆపలేదు. ఆ బ్లూస్ ఒక చుట్టు తిరిగి మళ్ళీ మొదటికే వస్తుంది, ఎన్నిసార్లయినా. "ఫికర్ లేదన్నా. నేను తిప్పుతనే ఉంట. నువ్వు నిమ్మలంగ ఎక్కు" అన్నాడు. ఒక చుట్టు తిప్పాడు. ఇంకో చుట్టు తిప్పాడు. నుదుటి మీద చెమట పట్టింది. యారాలు నా చెయ్యి పట్టుకుంది. ఆపమంటే ఆపడు, అమ్మకిచ్చిన మాట కదా. వాయించాల్సింది అతను కాదు. అయినా వాయిస్తూనే ఉన్నాడు.

మా ఆయన ఇటు తిరిగి మరిదిని చూశాడు. ఆ చెమటను చూశాడు. కుర్చీలోంచి లేచి, జనం మధ్యలోంచి, తిన్నగా నా దగ్గరకొచ్చాడు. టోపీ తీసి నా ఒళ్ళో పెట్టాడు. తర్వాత, గోడవైపు తిరక్కుండా, తువ్వాలు అడ్డం పెట్టుకోకుండా, అందరూ చూస్తుండగా పై సెట్టు తీసి, కింది సెట్టు తీసి, నా అరచేతిలో పెట్టాడు. తడిగా, వెచ్చగా ఉన్నాయి. బుగ్గలు లోపలికి పోయాయి. మీసం కిందికి దిగింది. నా ఎదురుగా ఉన్నది ముసలాయనే. నాకు ఎంత ముద్దొచ్చాడో చెప్పలేను.

వెనక్కెళ్ళి కూర్చుని, మరిది మళ్ళీ మొదటికొచ్చిన చోట పట్టుకున్నాడు. పీల్చాడు. స్వరం వంగింది. ఆ మూలుగు గద్దె ముందు నుంచి చెరువు నీళ్ళ మీదికి పోయింది. నవ్విన పిల్ల నోరు తెరుచుకుని చూస్తోంది. ఎంగిలన్న మేనత్త ఎప్పుడు కూర్చుందో, మోకాళ్ళ మీద తల ఆనించుకుని, పోయినవాళ్ళెవరో గుర్తొచ్చినట్టు మెల్లగా ఊగుతోంది. మరిది కళ్ళల్లోంచి నీళ్ళు గిటారు మీద పడుతున్నాయి, తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు. నేనూ ఏడ్చాను, సిగ్గేం లేదు.

పాట అయిపోయింది. మరిది గిటారు పక్కన పెట్టి గద్దె ముందు సాష్టాంగపడబోతే కుట్లని గుర్తుచేసి ఆపారు, నిలబడే దండం పెట్టుకున్నాడు. "మొక్కు దీరింది" అంది యారాలు, పెద్దగా ఊపిరి వదిలి.

ఇక ఆయన ఇటు పరిగెత్తుకొస్తాడనుకుని, నేను కొంగుతో పళ్ళు తుడిచి చెయ్యి చాపాను. ఆయన నా చెయ్యి చూసి, నన్ను చూసి, చిగుళ్ళన్నీ కనపడేలా నోరారా నవ్వాడు.

"ఉండనీ టీచరమ్మా, నీ దగ్గర్నే ఉండనీ" అన్నాడు. "ఇంకోటి వాయిస్త."